గ్రోత్ లేదన్నారు

ల్యాబులో పనిచేసే లిదియా తెల్ల ట్రే పట్టుకుని వరండా మలుపు తిరగడం చూడగానే ఆదెమ్మ బల్ల మీంచి లేచింది. పసిపిల్లల గది తలుపుకి అడ్డంగా పోయి నిలబడింది.

"మల్ల వచ్చినవా? మొన్న తీస్తివి, అటుమొన్న తీస్తివి. ఎలకపిల్లంత పిల్ల. దాంట్ల ఎంత నెత్తురుంటదనుకున్నవ్?"

"ఇయ్యాల వేరే పరీక్ష పెద్దమ్మా. డాక్టరు సారు రాసిండు."

"రాస్తడు. రాసే చెయ్యిలకెల్లి నెత్తురు పోతదా ఏంది?"

లోపల్నుంచి నర్సు బ్లెస్సీ తల బయటికి పెట్టింది. "జర పక్కకి జరుగు పెద్దమ్మా. పిల్లకి కడుపుబ్బింది. ఒళ్ళు చల్లబడుతున్నది. నువ్విట్ల తలుపు పట్టుకుంటే మేమేం చెయ్యాల?" అని, గొంతు కొంచెం తగ్గించి, "నిజం చెప్పు, ఏమన్నా పసరు పోసిన్రా?" అంది.

"పసరు పొయ్యనీకి నన్నొక్కసారన్నా లోపలికి రానిచ్చినవా నువ్వు?"

లిదియాకి నవ్వొచ్చింది గానీ ఆపుకుంది. ఆదెమ్మ గొణుక్కుంటూ పక్కకి జరిగింది.

ఆదెమ్మ కూతురు యశోద ఇదంతా స్తంభం చాటున నిలబడి చూస్తోంది. లోపల అద్దాల పెట్టెలో ఉన్నది ఆమె అన్న జంపయ్య కూతురు. నెలలు నిండకుండా పుట్టింది. తల్లి జోగమ్మ కాన్పులో ఫిట్సు వచ్చి ఇంకా లేవలేదు, పక్క వార్డులో ఉంది. ములకలపల్లి అవతల అడవంచు కోయగూడెం నుంచి వాళ్ళని ఈ మిషన్ దవాఖానాకి తెచ్చి రెండు వారాలు దాటింది. గురుకులంలో ఇంటర్ చదువుతున్న యశోద ఇంట్లో అందరికన్నా చదువుకున్నది. అందుకని దవాఖానాలో వాళ్ళకి చెవీ నోరూ ఆమే అయ్యింది. చెవి బాగానే పనిచేసింది. నోరే లేవలేదు. కొత్తమనిషి ఎదురుపడితే మాట గొంతులోకి వచ్చి, అక్కడే కూర్చునేది.

ఆమె అద్దం దగ్గరికి జరిగింది. లిదియా చేతులు కడుక్కుని గ్లౌజులు వేసుకుంది. పిల్ల చెయ్యి ఆమె బొటనవేలంత ఉంది. ఆ చేతిమీద స్పిరిటు దూదిని నడిమధ్య నుంచి బయటికి, సున్నా చుట్టినట్టు తిప్పింది. తర్వాత గోధుమరంగు మందు అలాగే రాసింది. రాసి, ఊరికే ఆగింది. ఊదలేదు, తుడవలేదు, మళ్ళీ ముట్టుకోలేదు. మందు తనంతట తను ఆరేదాకా సూది పైకెత్తి పట్టుకుని నిలబడింది. అంత తొందరలో ఉన్న మనిషి అంత ఓపిగ్గా దేనికోసం ఆగిందో యశోదకి తెలియలేదు. సన్నటి దారంలా రక్తం వచ్చింది. దాన్ని చిన్న సీసాలోకి ఎక్కించింది. సీసాలో పాలు పొయ్యని టీ లాంటి నీళ్ళున్నాయి. మెల్లగా తిప్పి, చలేస్తుందేమో అన్నట్టు అరచేతిలో దాచుకుని లిదియా బయటికి వచ్చింది.

'అందులో ఏముందక్కా?' అని అడగాలనుకుంది యశోద. ఆమె దగ్గరగా వచ్చేసరికి తల దించుకుంది. లిదియా వెళ్ళిపోయింది.

మర్నాడు పిల్ల బరువు ఇంకొంచెం తగ్గింది. బ్లెస్సీ తూచి, చీటీలో రాసుకుని గుడ్డ చుట్టింది. జోగమ్మ మంచంమీద పక్కకి ఒత్తిగిలి, స్టీలు గిన్నెలోకి పాలు పిండి ఇచ్చింది. గిన్నె అడుగు తడిసేంత వచ్చాయి. "నిన్న ఎంత తాగిందే?" అని అడిగింది. పిల్లకి పాలు ఆపేసి సెలైను మీదే ఉంచారు. "తాగింది వదినా," అంది యశోద.

పొద్దు వాలుతుండగా గదిలో ఫోను మోగింది. బ్లెస్సీ వీపు ఇటు తిప్పి మాట్లాడుతోంది. కిటికీ రెక్క తెరిచే ఉంది.

"ఆ, లిదియా, చెప్పు. జోగమ్మ బేబీది ఏమైంది?... గ్రోత్ లేదా?... అస్సలు లేదా. సరే, సారుకి చెప్తా."

కిటికీ బయట నిలబడ్డ యశోద అంతా విన్నది.

ఆ మాట ఆమెకి కొత్త కాదు. గూడెంలో ఎవరికీ కొత్త కాదు. నెలకోసారి అంగన్‌వాడీ టీచరు పిల్లల్ని ఒక్కొక్కరినీ కాంటాకి తగిలించి తూచేది. చార్టుమీద గీత పైకెక్కితే "గ్రోత్ ఉన్నది" అనేది. ఎక్కకపోతే పెదవి విరిచేది. "నీ పిల్లకి గ్రోత్ లేదు." ఆ మాట పడ్డ పిల్లల్లో కొందరు తేరుకున్నారు. కొందరు వానాకాలం దాటలేదు. ఎవరెవరో ఆదెమ్మకి పేర్లతో సహా తెలుసు.

అందుకే యశోద వచ్చి తల్లికి చెప్పినప్పుడు తెలుగులోంచి కోయలోకి మార్చాల్సిన అవసరం కూడా రాలేదు.

"గ్రోత్ లేదంట అవ్వా. అస్సలు లేదంట."

జంపయ్య కండువాతో మొహం తుడుచుకుని, అదే కండువా మొహంమీద ఉంచుకున్నాడు.

"ఎవలన్నరు?" అంది ఆదెమ్మ.

"నర్సమ్మ. ఫోన్ల."

"నిన్ను పిలిచి చెప్పిందా?"

"లేదు. నేనే విన్న."

"మనకెందుకు చెప్తరు," అంది ఆదెమ్మ. గొంతులో కోపం లేదు. "పొద్దుగాల ఆటో మాట్లాడు జంపీ. పిల్ల మన పొలిమేరల కండ్లు మూయాల. గీ అద్దాల పెట్టెల కాదు."

*

తెల్లారి ఆటో గేటు ముందు ఆగింది. జంపయ్య పిల్లని ఇమ్మన్నాడు. బ్లెస్సీ గట్టిగానే కేకలేసింది. "మీకేమన్నా తెలివుందా? ఊపిరి తీసుకోనీకే కష్టపడుతున్నది, ఆటోల ఎక్కిస్తవా?" ఆ గోలకి డాక్టరు షాలేమ్‌రాజు వచ్చాడు. సన్నగా, నిద్రలేని కళ్ళతో ఉంటాడు. కేకలు వెయ్యడు.

"ఎందుకు తీస్కపోతానంటున్నవ్ జంపయ్యా?"

"ఉంచితే బతుకుతదా సారూ? మాటియ్యి, ఉంచుత."

డాక్టరు మాటివ్వలేకపోయాడు. "ఏ మందుకీ లొంగట్లే. లోపల ఏమున్నదో ఇంకా తెలుస్తలేదు. ఇంకొక్కసారి రక్తం తీసి చూద్దాం."

"మీకు తెల్వకపోతే పాయె," అంది ఆదెమ్మ. "మాకు తెలిసింది."

ఏం తెలిసిందని ఆయన అడగలేదు. ముసలివాళ్ళు అలాగే అంటారనుకుని ఉంటాడు. ఆదెమ్మ యశోద వైపు తిరిగింది. "పో. ఆ నెత్తురు పిల్లకి చెప్పు, ఇంక రావద్దని."

ల్యాబు నడవా చివర్న ఉంది. యశోద గుమ్మం దగ్గరే ఆగిపోయింది. చెప్పాల్సిన నాలుగు మాటలూ దారిపొడుగునా అనుకుంటూ వచ్చింది. ఇప్పుడు ఒక్కటీ పైకి రాలేదు. గదిలో స్పిరిటు వాసన, దానికింద పులిసిన పిండి లాంటి వాసన. లిదియా వేళ్ళ చివర్లు ఊదారంగుతో మరకలు పడి ఉన్నాయి. మైక్రోస్కోపు మీద వంగి, పక్కనున్న చక్రాన్ని వెంట్రుకవాసి తిప్పుతోంది. తిప్పుతూ తిప్పుతూ ఆగిపోయింది.

"యేసయ్యా," అంది, ఎవరితోనూ కాదు.

ఇటు తిరిగి యశోదని చూసింది. "జోగమ్మ బిడ్డకి మేనత్తవు గదా నువ్వు? గ్రోత్ వచ్చింది!"

ఇన్ని రోజుల్లో యశోద ఆమెతో మాట్లాడిన మొదటి మాట అప్పుడు దానంతటదే బయటికి దూకింది. "పెరిగిందా అక్కా?"

"అవ్, పెరిగింది. నిన్న సాయంత్రం దాకా ఏం లేదు. పొద్దున చూస్తే సీసా జర మసకబారినట్టున్నది. చుక్క తీసి రంగేసిన."

"ఎంత పెరిగిందక్కా?"

ఆ మొహంలో వెలుగు చూసి లిదియా ఒక్క క్షణం తికమకపడింది. ఆ పిల్లకి ఇదంటే ఇష్టమేమో అనుకుంది. "చూస్తవా? ఏదీ ముట్టుకోకు, కన్ను మాత్రం పెట్టు."

యశోద కన్ను పెట్టింది. ముందు వట్టి వెలుతురు. తర్వాత ఆ వెలుతురులో రక్తం తాలూకు లేత ఎరుపు పొరలు, వాటి మధ్య వంకాయరంగులో నున్నటి గింజలు. గుండ్రమూ కాదు, కోలా కాదు. ఒక్కో గింజ పక్కన ఇంకో చిన్న గింజ అతుక్కుని ఉంది. దాని పక్కన ఇంకా చిన్నది. ఎక్కడికక్కడ తల్లి పిల్లని చంకనేసుకున్నట్టుంది. ఎవరో కూర్చుని ఒక్కోటీ చెక్కి, రంగు అద్ది పెట్టినట్టుంది. ఇంత అందమైనదాన్ని ఆమె ఎప్పుడూ చూడలేదు.

"ఇవేందక్కా?"

"ఫంగస్. రొట్టె పాతదైతే బూజు పడతది చూడు, ఆ జాతి. పిల్ల నెత్తుర్ల ఉన్నయ్. అందుకే మందులు పనిచెయ్యలే. అవన్నీ వేరే పురుగుల మందులు, వీటికి తగలవు."

యశోద కన్ను తీసింది. "మరి నిన్న... గ్రోత్ లేదని..."

"సీసాల ఏం పెరగలేదని చెప్పిన. సీసాలున్నది వాటికి తిండి. నెత్తుర్ల ఏదన్నా ఉంటే అది తిని పెరుగుతది. పెరగకపోతే నెత్తురు మంచిగున్నట్టు. నిన్న మేం సంతోషపడ్డం గదా."

నిన్న వాళ్ళు సంతోషపడ్డారు. ఆ సంతోషాన్నే ఆమె మోసుకొచ్చి చావుకబురులా చెప్పింది. ఇప్పుడు తను మురిసిన మాటే అసలు చెడ్డకబురు.

"అయితే గ్రోత్ ఉంటే చెడ్డదా?"

"చెడ్డదే," అంది లిదియా, అప్పటికే స్లైడు తీసుకుని డాక్టరు కోసం కదులుతూ. "కాని కనపడ్డది. కనపడకుంట లోపల ఉంటే ఇంకా చెడ్డది."

గేటు దగ్గర ఆటో ఇంజను ఆడుతోంది. ఆదెమ్మ మూటతో లోపల కూర్చుని ఉంది. యశోద పరిగెత్తుకొచ్చి, వగరుస్తూనే, కోయలో గబగబా చెప్పేసింది. పెరగంది పిల్ల కాదు. పెరిగింది కూడా పిల్ల కాదు. తను తప్పు విన్నది. తప్పు వినలేదు, తప్పుగా అర్థం చేసుకున్నది.

"సదువుకున్నదానివని గదనే నిన్ను నమ్మింది," అన్నాడు జంపయ్య. డాక్టరు పిలుస్తుంటే లోపలికి పోయాడు.

ఆదెమ్మ కదల్లేదు. "నిన్న లేదన్నవ్. ఇయ్యాల ఉన్నదంటవ్. రేపేమంటవ్?"

"అవ్వా, నా మాట నమ్మకు. వచ్చి నీ కండ్లతోని చూడు."

ఆటో డ్రైవరు వెనక్కి తిరిగి, "బండి ఆపాల్నా, పోనియ్యాల్నా పెద్దమ్మా? డీజిలు కాలుతున్నది," అన్నాడు.

"ఆపు," అంది ఆదెమ్మ. "మా పిల్ల కన్న నీకు నీ డీజిలు బాధే ఎక్కువ."

మూట మాత్రం సీటు మీదే వదిలి దిగింది.

*

డాక్టరు జంపయ్యని ఒప్పించాడు. ఒప్పించడమంటే, సగమే. ఆయన ఏదీ దాచలేదు. ఈ జాతి బూజుకి వేసే మందు ఒకటి దవాఖానాలో ఉంది, దాన్ని ఇప్పుడే ఎక్కిస్తాడు. అయితే బూజుల్లో రకాలున్నాయి. ఒక రకం చాలావరకు దీనికే చస్తుంది. మిగతావాటిలో కొన్ని దీన్ని లెక్కచెయ్యవు. అప్పుడు వేరే మందు ఖమ్మం నుంచి తెప్పించాలి, లేదా పిల్లనే పంపాలి. అది ఏ రకమో లిదియా మధ్యాహ్నంకల్లా కొంతవరకు చెప్పగలదు.

"మా అవ్వ ఊ అనాల సారూ," అన్నాడు జంపయ్య. "గప్పటిదాక మందు ఎక్కనియ్యి."

ల్యాబులో ఆదెమ్మ మైక్రోస్కోపుకి మొహం ఆనించి, వెంటనే వెనక్కి లాక్కుంది. "ఏందే, నల్లగ పుల్లలు పుల్లలు?"

"అవి నీ రెప్పలే పెద్దమ్మా. జర ఎడం పెట్టు."

కాసేపు తంటాలుపడ్డాక ఆదెమ్మ కదలకుండా నిలబడింది. చూసి, ఏమీ తేల్చకుండా పక్కకి జరిగింది. "గింజలే ఉన్నయ్. మంచియో చెడ్డయో గింజ మొహం మీద రాసుంటదా?"

లిదియా ఆమెవైపు కొత్తగా చూసింది. "ఉండదు. గది తెలుసుకోనీకే ఇప్పుడు చేస్త. దానికి మంచిగున్న మనిషి నెత్తురు జరంత కావాల."

యశోద భయంభయంగా తల్లి మొహం చూసింది. ఆదెమ్మ అప్పటికే గాజులు పైకి తోసి చెయ్యి చాపింది.

"నాది తియ్యి. పిల్లది కాదుగద."

రక్తం గాజుగొట్టంలో గడ్డకట్టేదాకా బల్లమీద ఉంచి, తర్వాత దాన్ని గుండ్రటి యంత్రంలో పెట్టి తిప్పింది లిదియా. యంత్రం ఆగాక తీసి చూపించింది. ఎరుపంతా అడుక్కి దిగిపోయింది. పైన లేత ఆముదం రంగులో తేట నిలిచింది. ఆదెమ్మ నోరు తెరిచింది.

"గిది నాదేనా? అరవై ఏండ్ల సంది నాలోపల గిట్లాంటిది ఉన్నదా?"

"అందరిలో ఉంటది."

"నర్సమ్మల గూడనా?"

"ఆమెల గూడ."

"అయితే మనిషే అన్నట్టు," అంది ఆదెమ్మ. యశోద నోరు కొంగుతో మూసుకుంది.

ఆ తేట కొంచెం చిన్న గొట్టంలో పోసి, సీసాలోంచి ఒక్క చుక్క తీసి అందులో కలిపింది లిదియా. గొట్టాన్ని ఇంక్యుబేటరు అనే పెట్టెలో నిలబెట్టింది. పెట్టె తలుపు తియ్యగానే గోరువెచ్చని గాలి తగిలింది. మనిషి ఒంటికి ఎంత వేడి ఉంటుందో అంతేనని చెప్పింది.

ఆదెమ్మ ఆ పెట్టె వంక చూస్తూ మెల్లగా అంది. "గోనెసంచి తడిపి గింజలు మూట కట్టినట్టేనా?"

లిదియాకి అర్థం కాలేదు. యశోద చెప్పింది. మాట తడబడింది గానీ ఆగలేదు. విత్తే ముందు గూడెంలో గుప్పెడు గింజలు తీసి తడి గోనెలో చుట్టి, పొయ్యి పక్కన వెచ్చగా పెడతారు. విప్పి చూసి, మొలకల్ని బట్టి ఆ విత్తనం పొలంలో చల్లాలా వద్దా అని తేలుస్తారు.

"అచ్చం గదే," అంది లిదియా. "మీరు ఎన్ని మొలిచినయో లెక్కపెడతరు. నేను ఎట్ల మొలిచిందో చూస్త. మన మందుకి చచ్చే రకం ఒక్కటే గింత జల్దీ మొలక వేస్తది. గుండ్రంగనే ఉండిపోయినయనుకో, వేరే రకం."

ఆదెమ్మ గుమ్మం బయట గోడకానుకుని గొంతుకూర్చుంది. అన్నం తినలేదు. ఎవరో వచ్చి బల్ల ఉందమ్మా కూర్చోమంటే వినలేదు. జంపయ్య వచ్చాడు, మందు ఎక్కుతోందన్నాడు, పోయాడు. యశోద తల్లి పక్కనే కూర్చుంది. లోపల లిదియా మిగతావాళ్ళ రక్తాలు, ఉచ్చలు పరీక్షిస్తూ, మధ్యమధ్య ఆ పెట్టెవైపు చూసేది గానీ తలుపు తియ్యలేదు. తీస్తే వెచ్చదనం పోతుందట. పిల్ల చేతిమీద మందు ఆరేదాకా ఆమె ఎందుకు ఆగిందో యశోద ఇప్పుడు అడిగింది. "తోలు మీదున్న పురుగు సూదితోని సీసాలకి పోతే, లేని రోగం ఉన్నదని చెప్తం గదా," అంది లిదియా. యశోద ఆ మాట మనసులోనే మళ్ళీమళ్ళీ తిప్పుకుంది. లేనిదాన్ని ఉందనకుండా, ఉన్నదాన్ని లేదనకుండా ఉండడానికి ఒక మనిషి ఇంత ఆగుతుంది.

చివరికి లిదియా గొట్టం బయటికి తీసింది. చుక్కని గాజుపలక మీద వేసి, పైన సన్నటి గాజురేకు కప్పింది. ముందు తను చూసింది. పలకని అటు జరిపి చూసింది, ఇటు జరిపి చూసింది. మొలక మొదట్లో నొక్కు ఉంటే అది అసలు మొలక కాదట, ఉందా లేదా అని మళ్ళీ చూసింది. తల్లీకూతుళ్ళిద్దరూ లేచి గుమ్మంలోకి వచ్చారు.

"రా యశోదా."

ఈసారి రంగులేమీ లేవు. వాన వెలిసిన తర్వాత ఆకాశం లాంటి తెల్లటి వెలుగు. అందులో గాజుపూసల్లాంటి గింజలు. పొద్దున నున్నగా ఉన్నవే. ఇప్పుడు ఒక్కోదాన్లోంచి సన్నటి, తిన్నటి తోక బయటికి సాగి ఉంది. ఒకటి కాదు, చూసినంతమేరా. ఏ చేయీ తాకకుండా, ఏ చప్పుడూ లేకుండా, ఆ చీకటిపెట్టెలో ఇవన్నీ ఒక్కసారే కళ్ళు తెరిచినట్టుంది. వాటికి తెలియదు, అవి ఎవరి ప్రాణం తోడుతున్నాయో. వాటికి తెలిసిందల్లా వెచ్చదనం, తిండి, పెరగడం. యశోదకి భయమేసింది. భయం కన్నా పెద్దదేదో కూడా వేసింది. దానికి పేరు ఆమెకి దొరకలేదు.

ఆదెమ్మ వంగింది. ఈసారి రెప్పలు అడ్డం రాలేదు. ఎంతసేపు చూసిందంటే, లిదియా రెండుసార్లు గోడగడియారం చూసింది.

"నా నెత్తురు తాగి మొలిచింది," అంది ఆదెమ్మ కోయలో. తర్వాత లిదియా కోసం తెలుగులో అంది. "మొలిచిందంటే దీంట్ల పానం ఉన్నది. పానం ఉన్నదాన్ని చంపొచ్చు. గంతేనా?"

"గంతే పెద్దమ్మా. చంపొచ్చు. పిల్ల తట్టుకోవాల, మందుకి టైం ఇయ్యాల. నేను మాటియ్యలేను."

"నిన్ను మాట అడగలే." ఆదెమ్మ ఇంకా కన్ను తియ్యలేదు. "దీనికి పేరున్నదా?"

"కాండిడా."

"కాండిడా." నోట్లో వేసుకుని రుచి చూసినట్టు ఆ మాట పలికింది. అప్పుడు నిటారుగా లేచి, నడుం పట్టుకుని, లిదియావైపూ యశోదవైపూ మార్చి మార్చి చూసింది. ఏదో అన్యాయం జరిగినట్టు ఆమె మొహం ఎర్రబడింది. "కంటికి కనపడని దీనికి పేరు పెట్టుకున్నరు. మా పిల్లకి మేం ఇంకా పెట్టలే."

బయటికి నడిచింది. నడవా దాటి, గేటు దగ్గర ఆటోలోంచి మూట తీసి చంకన పెట్టుకుంది. డ్రైవరు వెనక సీట్లో కాళ్ళు చాపుకుని నిద్రపోతున్నాడు, తట్టి లేపింది. జంపయ్య ఎదురొచ్చి, ఏమైందే అవ్వా అన్నాడు.

"బండి పంపెయ్," అంది ఆదెమ్మ. "జోగమ్మ కాడికి పో. ఇద్దరు కూసోని పిల్లకి పేరు అనుకోండ్రి."